చీమ దూరని కుట్లు

పోయిన వారం మనం దర్జీని ఓడ అడుగున, తెరచాపలు మడిచిపెట్టే ఇరుకు గదిలో, చినిగిన గుడ్డ ఒక్కో కొసా ఒక్కో చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే వదిలేసి వచ్చేశాం. వారమంతా మనం తిన్నాం, పడుకున్నాం, పక్కింటివాళ్ళతో పోట్లాడుకున్నాం. ఆవిడ మాత్రం పాపం ఇంకా అక్కడే ఉంది, కాళ్ళకింద నేల ఓసారి కుడికీ ఓసారి ఎడమకీ ఒరుగుతుంటే.

కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఇది ఇంజను లేని పాతకాలపు కొయ్య ఓడ. గాలి ఉంటే కదుల్తుంది, లేకపోతే కూర్చుంటుంది. ఇదివరకే ఓడలెక్కి, తెరచాప స్తంభాల పైదాకా వెళ్ళొచ్చానని ఊళ్ళో గొప్పలు చెప్పే తమ్ముడు ఈ ఓడలో పనికి చేరి మహాసముద్రం దాటి వస్తానన్నాడు. తల్లి పోయాక వాణ్ణి తన చేతుల మీద పెంచిన అక్క నెత్తీ నోరూ బాదుకుంది. వింటేగా! "అయితే నేనూ వస్తా" అంది చివరికి, బెదిరిద్దామని. బావిలోకి తొంగిచూడ్డానికే భయపడే మనిషి, ఇంకేం బెదిరింపు? కానీ సరిగ్గా అప్పుడే ఓడలో తెరచాపలు కుట్టే ముసలాయన జబ్బుచేసి మంచం పట్టాడు. తమ్ముడు ఆగాడా? వెళ్ళి కెప్టెన్ ముందు నిలబడి, "మా అక్క ఉంది కదండీ, ఏళ్ళ తరబడి తెరచాపలు కుడుతోంది, చెయ్యి తిరిగిన మనిషి" అని అల్లేశాడు. అక్క అన్నాళ్ళూ కుట్టింది జాకెట్లు, గౌన్లు, బడిపిల్లల చొక్కాలు. తెరచాపని దగ్గర్నుంచి ఎప్పుడూ చూసిన పాపాన కూడా పోలేదు.

అలా ఎక్కింది ఓడ. ఇప్పుడు ఆకాశం నల్లబడింది, గాలి ముదిరింది, పెద్ద తెరచాపలన్నీ దించేశారు. "తుఫాను తెరచాప పైకి పంపండి" అని కేక వచ్చింది. అది చిన్నది, మూడు మూలలది, మందపాటి కాన్వాసుది. దాన్ని బాగుచేసింది ఈవిడే. బయటికి లాగబోయింది. కొస తన కాలికిందే ఉందని చూసుకోలేదు. పెద్దగా బలం పెట్టింది కూడా లేదు, కుట్టు వెంబడి జానెడు మేర విడిపోయింది. అక్కడ ఆపేశాం.

ఎందుకు విడిపోయిందో ఆవిడకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థం కాకపోయినా బాగుండేది. దారం తెగలేదు. గుడ్డ పాతదై చివికిపోలేదు. కుట్టు పక్కనే, గీత గీసినట్టు పోయింది.

వాళ్ళ వీధిలో ఆవిడ కుట్టుకి పెద్ద పేరు. సూది పక్కన సూది, చీమ దూరడానికి సందుండదు. "నీ కుట్టు చినిగేలోపు నేను ముసలిదాన్నయిపోతాను" అని మెచ్చుకునేవాళ్ళు వచ్చినవాళ్ళు. అదే చెయ్యి, అదే పొగరు, ఈ కాన్వాసు మీద కూడా చూపించింది. జాకెట్టు గుడ్డకి వాడేది సన్న సూది, సన్న చిల్లు. కాన్వాసుకి వాడేది వేలెడు సూది, దాని మొనకి మూడు అంచులు. అది పొడిచిందంటే నేతలో పోగులు తెగుతాయి, చిల్లు చిల్లుగానే ఉండిపోతుంది. అలాంటి చిల్లులు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని పక్కన ఒకటి, తెరచాప ఈ మూల నుంచి ఆ మూలకి పెట్టుకుంటూ పోయింది మహాతల్లి. చీటీల పుస్తకంలో కాగితం సులువుగా చింపుకోవడానికి బెజ్జాలు పెట్టి ఉంటారు చూశారూ, అచ్చం ఆ పనే చేసింది. తెరచాపని చింపుకోవడానికి వీలుగా తయారుచేసి పెట్టింది.

ఇంకోటి లేదా అంటారేమో. ఉండేది. పాతది. దాన్నే ముక్కలు కోసి దీనికి అతుకులు వేసింది.

ఈ గుడ్డని గాలిలోకి ఎత్తితే ఎంతసేపు ఉంటుంది? ఓడ అలలకి అడ్డం తిరగకుండా పట్టి ఉంచేది ఈ చిన్న తెరచాపేనని ఇన్నాళ్ళలో ఆవిడకీ తెలిసింది. అది పోతే ఓడ పక్కకి తిరుగుతుంది. తిరిగిన ఓడని ఒక్క పెద్ద అల చాలు, బోర్లించేస్తుంది. పైగా దాన్ని ఎత్తేటప్పుడు అందరికన్నా ముందు, ఓడ ముక్కు దగ్గర నిలబడేది ఎవరు? తమ్ముడు.

"ఏంటక్కా ఇంకా? పైన అరుస్తున్నారు!"

వాడే వచ్చాడు. ఒళ్ళంతా తడిసి, జుట్టు నుదుటికి అంటుకుపోయి, మెట్ల మీద సగం దిగి గదిలోకి తల పెట్టాడు. ఆవిడ చినిగిన చోటు చూపించింది. తర్వాత ఇంకోచోట రెండు బొటనవేళ్ళూ కుట్టుకి అటూ ఇటూ పెట్టి కొంచెం లాగింది. అక్కడా విడింది. తమ్ముడి మొహాన నెత్తురు చుక్క లేదు.

"మొత్తం ఇంతేనా?"

"మొత్తం ఇంతేరా."

వాడు వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసి, కిందికి దిగి, గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకు."

"ఏం మాట్లాడుతున్నావురా?"

"చెప్తే ఏమవుతుందో తెలుసా? నిన్ను తెచ్చింది నేను. అబద్ధం చెప్పింది నేను. వచ్చే రేవులో కెప్టెన్ ఇద్దర్నీ దించేస్తాడు. దించడంతో ఊరుకుంటాడా? ఈయన ఒక్క మాట అన్నాడంటే మళ్ళీ ఏ ఓడా నన్ను దగ్గరికి రానివ్వదు. నేను పుట్టి బుద్ధెరిగాక కోరుకుంది ఇదొక్కటే అక్కా. నీకు తెలుసు."

తెలుసు. తెలియకేం! చిన్నప్పుడు మంచం కోళ్ళకి దుప్పటి కట్టి తెరచాప అనేవాడు. ఆ దుప్పట్లు ఉతుక్కుంది ఈవిడే.

"గాలి తగ్గుతుందేమో" అన్నాడు వాడు. "నిలబడుతుందేమోలే. అన్నిటికీ నీకు ముందే భయం."

ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండింది. భయంతో సగం చచ్చిన మనిషికి కోపం వస్తే ఎలా ఉంటుందో చూడాలంటే అప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. "నాకు భయమేరా. పుట్టినప్పట్నుంచీ భయమే. అందుకే నిన్ను ఇంతవరకూ ప్రాణాలతో పెంచాను" అంది. తెరచాప ఉండచుట్టి చంకన పెట్టుకుని వాణ్ణి పక్కకి తోసి మెట్లెక్కింది.

డెక్ మీదికి వచ్చాక కోపం కాస్తా ఎటు పోయిందో! నీళ్ళు ఓడకి పక్కన ఉండాల్సినవి ఓడకన్నా ఎత్తులో ఉన్నాయి. ఒక అల వచ్చి నిలబడి, కిందికి చూసి, ఆలోచించుకుని మరీ పడుతోంది. ఆవిడ లేచి నడవలేదు. కూర్చుని, తెరచాపని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ నేలకి ఆనించి, చంటిపిల్లలా దేకుతూ వెళ్ళింది ఓడ వెనక్కి, చుక్కాని దగ్గరికి. మధ్యలో ఒకసారి కళ్ళు మూసుకుని కొట్లో గుమ్మం దగ్గర పెట్టుకునే తన కుట్టుమిషన్ని తలుచుకుంది. దేవుణ్ణి తలుచుకోలేదేం అంటే, ఆ క్షణంలో మిషనే గుర్తొచ్చింది, ఏం చేస్తాం.

కెప్టెన్ చుక్కాని చక్రం పట్టుకుని ఉన్నాడు. పొట్టి మనిషి, ఎప్పుడూ బుగ్గన లవంగం ఉంటుంది. ఎవరిమీదా అరవడు. అరవడు కాబట్టే అందరికీ హడల్.

ఇక్కడ ఈ ఓడ పద్ధతొకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు ఎక్కదు. ఈ ఓడలో ఒకరు చేసిన పనిని ఇంకొకరు తనిఖీ చెయ్యరు. చేస్తే అది పెద్ద అవమానం. దానికి బదులు, చేసినవాళ్ళే ముందు దాని కింద నిలబడాలి. తాడు ముడి వేసినవాడే మొదట దానికి వేలాడాలి. వంటాయన వండింది వంటాయనే ముందు తినాలి. చుక్కాని బాగుచేసినవాడే మొదటి పూట చుక్కాని పట్టాలి. అందుకే ఇన్నాళ్ళూ కెప్టెన్ ఆవిడ కుట్టుని వేలితో ముట్టుకుని చూడలేదు. చూసి ఉంటే మొదటిరోజే సంగతి తేలిపోయేది.

"కెప్టెన్ గారూ" అంది. గాలి హోరులో వినబడలేదు. మళ్ళీ అంది, ఈసారి అరిచింది. "ఈ తెరచాప ఎత్తొద్దండీ. చినిగిపోతుంది."

ఆయన ఇటు తిరగలేదు. "ఎందుకు చినుగుతుంది?"

"నేను కుట్టాను కాబట్టి."

అప్పుడు తిరిగాడు. ఆవిడ గుడ్డని మోకాళ్ళ మీద పరిచి కుట్టు చూపించింది. ఆయన ఒక చేత్తో చక్రం పట్టుకునే వంగి, రెండో చేతి బొటనవేలు కుట్టు మీద పెట్టి నొక్కాడు. వేలు అవతలికి దిగబడింది.

"ఇలా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"జాకెట్లకి ఇలాగే కుడతారండీ."

"తెరచాపలకి?"

"ఇదే మొదటిదండీ." ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనని గడగడా చెప్పేసింది. "మా తమ్ముడు మీతో అబద్ధం చెప్పాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పకుండా ఊరుకున్నాను. వాడు ఓడ మీద ఆశతో, నేను వాడికేమవుతుందోనన్న భయంతో. పాత తెరచాప కోసి ముక్కలు చేసింది కూడా నేనే. మమ్మల్ని దించేస్తారో ఏం చేస్తారో మీ ఇష్టం. ముందు దీని సంగతి చూడండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

తమ్ముడు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. తల దించుకుని ఉన్నాడు. తిడతాడనుకున్నారు ఇద్దరూ. కొడతాడేమోనని కూడా అక్క మనసులో ఉంది, అందుకే వాడికి కాస్త అడ్డంగా జరిగింది. కెప్టెన్ లవంగం ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చాడు. ఎదర నల్లగా దిగుతున్న ఆకాశాన్ని చూశాడు.

"తిట్టడానికి ఇప్పుడు తీరిక లేదు" అన్నాడు. "ఈ కుట్లు విప్పితే?"

"విప్పితే ఇంకా ప్రమాదమండీ. దారం పోతుంది, చిల్లులు ఉండిపోతాయి. ప్రతి కుట్టు మీదా పొడుగునా గుడ్డ బద్దీ వెయ్యాలి, ఇటొకటి అటొకటి. బెత్తెడు వెడల్పుండాలి. కానీ గుడ్డేదండీ?"

"మనం పడుకునేవి దేంతో చేశారమ్మా?"

ఓడలో ఎవరికీ మంచాలు లేవు. ఒక్కొక్కరికీ ఒక్కో ఉయ్యాల పక్క, రెండు కొక్కాలకి వేలాడదీసుకునేది. అన్నీ కాన్వాసువే.

ఇంకేముంది, భోజనాల గదిలో బల్ల మీద ఓడలో పక్కలన్నీ వచ్చి పడ్డాయి. వంటాయన తన పక్క తెచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుని ఓసారి వాసన చూసి, "దీంట్లో నా చెమటంతా ఉంది, దీనికి గాలేంటి, పిడుగు కూడా ఏం చెయ్యలేదు" అని బల్ల మీద పారేశాడు. ఎవరూ నవ్వలేదు. బల్ల ఒరిగినప్పుడల్లా గుడ్డలు జారిపోతుంటే ఇద్దరు మనుషులు వాటిమీద పడుకుని పట్టుకున్నారు.

కత్తెర దర్జీ చేతిలో ఉంది. కత్తెర చేతిలో ఉంటే ఆవిడ వేరే మనిషి. పక్కల్ని చరచరా బద్దీలు కోసేసింది. కుట్టడం దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగిపోయింది. కెప్టెన్ చుక్కాని ఇంకొకరికి అప్పగించి దిగి వచ్చి, సూది గుచ్చి ఒక బారెడు కుట్టి చూపించాడు. కుట్టుకీ కుట్టుకీ మధ్య బొటనవేలంత ఎడం. ఏటవాలుగా, వదులూ కాకుండా బిగువూ కాకుండా. ఆవిడ కొట్లో పని నేర్చుకునే పిల్లలెవరైనా అలా కుడితే మొట్టికాయ వేసేది. "ఇంత ఎడమా?" అంది భయం భయంగా. "ఇంతే" అన్నాడాయన. "గుడ్డకి ఊపిరుండాలి." అని మళ్ళీ పైకి పోయాడు.

ఎడం వేసి కుట్టడం ఆవిడకి ఎంత కష్టమైందో చెప్తే మీరు నమ్మరు. చెయ్యి దానంతటదే పక్కకే పోతుంది. ప్రతి పోటుకీ వేలు అడ్డం పెట్టుకుని, పెదవి కొరుక్కుని, ఇంత దూరం, ఇంత దూరం అనుకుంటూ కుట్టింది. సూదిని తోయడానికి అరచేతికి తోలు తొడుగు వేసుకున్నా చర్మం లేచిపోయింది. వంటాయన ఒక బద్దీ కుట్టాడు. "కోడి కడుపు కుట్టినట్టే కదా" అన్నాడు, తనకి తనే ధైర్యం చెప్పుకుంటున్నట్టు. తమ్ముడు పై మూల తీసుకున్నాడు. తెరచాపని పైకి లాగే తాడు కట్టే ఇనుప కడియం ఉండేది ఆ మూలనే.

అక్కాతమ్ముళ్ళు పక్కపక్కనే కూర్చుని కుడుతున్నారు. వాడే అన్నాడు, తల ఎత్తకుండా. "చెప్పేశావుగా. ఇప్పుడు ఓడ మిగిలినా నాకు మిగలదు."

"నువ్వు మిగుల్తావురా. నాకు అది చాలు."

"నీకు చాలు" అన్నాడు వాడు. ఆ రెండు మాటలూ ఆవిడకి సూది దిగినదానికన్నా లోతుగా దిగాయి. కానీ సూది ఆపలేదు. ఏడుపొస్తే భుజానికి మొహం తుడుచుకుని మళ్ళీ కుట్టింది.

పైనుంచి కేక వచ్చింది. ఇక సమయం లేదు, ఉన్నది ఉన్నట్టు తెమ్మన్నారు. తమ్ముడు ఆఖరి పోట్లు వడివడిగా లాగి దారం తెంపాడు. అందరూ కలిసి తెరచాపని పీనుగుని మోసినట్టు భుజాల మీద పైకి మోసుకుపోయారు.

పద్ధతి పద్ధతే. కుట్టినవాళ్ళే ముందు దాని కింద నిలబడాలి. ఎవరూ ఆవిడకి చెప్పలేదు, అయినా అందరూ ఆవిడ వైపే చూశారు. తమ్ముడు తాడు తెచ్చి ఒక కొస అక్క నడుముకి కట్టాడు, రెండో కొస తన నడుముకి కట్టుకున్నాడు. మధ్యలో రెండు బారల తాడు. ఇద్దరూ వంగి, రెయిలింగు పట్టుకుని, ఓడ ముక్కు దగ్గరికి వెళ్ళారు. నీళ్ళు నడుము దాకా వచ్చి పోతున్నాయి. ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది అనడం కూడా తప్పే, అరచేతులు రెండూ కమ్మీని పట్టుకుని ఉన్నాయి.

తెరచాప లేచింది. గాలి దాన్ని పట్టి ఒక్క దెబ్బ కొట్టింది. ఫెళ్ళుమన్న ఆ చప్పుడికి ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. అయిపోయింది, చినిగింది అనుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి చూస్తే గుడ్డ గట్టిగా, నిండుగా, పొట్ట ఉబ్బించుకుని నిలబడి ఉంది. బద్దీలు బిగుసుకున్నాయి గానీ ఒక్కటి కూడా వదల్లేదు. ఓడ ముక్కు మెల్లగా, విసుక్కుంటూ, తిరగాల్సిన వైపు తిరిగింది. అంతవరకూ పక్కనుంచి కొడుతున్న అల ఇప్పుడు ముందు నుంచి వచ్చి రెండుగా చీలింది.

"నిలబడిందక్కా!" అని అరిచాడు తమ్ముడు. కోపం మర్చిపోయి ఆవిడ భుజం పట్టుకుని ఊపేశాడు. ఆవిడ నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియదు. కెప్టెన్ కూడా ముందుకు వచ్చి, తెరచాపని కింది నుంచి పైదాకా చూసుకుంటూ వచ్చాడు. పై మూల దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"పై మూల ఎవరు కుట్టారు?"

అందరూ పైకి చూశారు. కడియం కింద, ఆఖరి బద్దీ కొస ఒకటి విడిపోయి గాలికి టపటపా కొట్టుకుంటోంది. వడివడిగా లాగిన కుట్టు, కొస ముడి సరిగా పడలేదు. బద్దీ పోతే దాని కింద ఉన్నది ఆవిడ పాత కుట్టే, చీమ దూరని కుట్టు.

"నేనండీ" అన్నాడు తమ్ముడు.

"అయితే ఎక్కు. కడియంలోంచి తాడు దూర్చి, కింద బాగున్న గుడ్డలోకి గుచ్చి బిగించి కట్టు. తెరచాప దించితే ఓడ తిరిగిపోతుంది, దించలేం. మిగతావాళ్ళందరి చేతుల్లోనూ తాళ్ళున్నాయి. వెళ్ళు."

అంత ఎత్తు కూడా కాదు, రెండంతస్తుల మేడంత. పక్కనే స్తంభానికి తాడు నిచ్చెన ఉంది. రోజూ కుర్రాళ్ళు కోతుల్లా ఎక్కి దిగే నిచ్చెనే. తమ్ముడు కదల్లేదు.

"వెళ్ళరా" అంది అక్క. తనే పంపుతోంది, తనే వాడి చొక్కా పట్టుకుని ఉంది.

వాడు వంగి ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "అక్కా, నేనెప్పుడూ ఎక్కలేదు."

"ఏమిటీ?"

"దీనికి ముందు ఏ ఓడా ఎక్కలేదు. ఏ స్తంభమూ ఎక్కలేదు. ఊళ్ళో నీకు చెప్పినవన్నీ కల్పించినవే. రేవులో గోదాములో మూటలు మోశాను, అంతే. ఈ ఓడలో కూడా పైకి వెళ్ళే వంతు వచ్చినప్పుడల్లా ఇంకొకడికి ఇచ్చేసి వాడి గిన్నెలు తోమాను. సగం ఎక్కితే చాలు, కళ్ళు తిరుగుతాయి. చేతులు పట్టు తప్పుతాయి."

ఆవిడకి తల తీసినట్టయింది. ఎవరి కోసం తను ఇంత భయపడిందో, ఎవరి ఆశని ఇందాక తన నోటితోనే చంపానని కుమిలిపోయిందో, ఆ వీరుడు ఈ తడిసిన పిల్లాడా? చెంప పగలగొట్టాలనిపించింది. గుండెకి హత్తుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు, వ్యవధి ఏది? ఇది చెప్తే వాడికి పరువు కూడా మిగలదు. చెప్పకపోతే వాడే మిగలడు.

"కెప్టెన్ గారూ, వాడికి ఎక్కడం రాదండీ!" అని అరిచింది.

తమ్ముడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చుట్టూ తాళ్ళు పట్టుకుని ఉన్నవాళ్ళు విన్నారు. ఒకడు మొహం తిప్పుకున్నాడు. కెప్టెన్ మాత్రం వాణ్ణి చూశాడు, ఆవిణ్ణి చూశాడు, ఇద్దరి మధ్యా వేలాడుతున్న తాడు చూశాడు. నోట్లో లవంగం ఉమ్మేశాడు.

"వాడికి బలం ఉంది, నీకు సూది తెలుసు. అబద్ధాలు ఇద్దరివీ. ఇద్దరూ ఎక్కండి."

తాడుండా, సూదీ, తోలు తొడుగూ ఆవిడ చేతిలో పెట్టాడు. అంతే.

ముందు తమ్ముడు, వెనక అక్క. కింద నుంచి వాడి పాదాలు పట్టుకుని ఒక్కో మెట్టు మీదా తనే పెట్టించింది. ఇక్కడ. ఇప్పుడు రెండోది. ఇక్కడ. చంటివాడిగా ఉన్నప్పుడు నడక నేర్పినట్టే నేర్పింది, కాకపోతే అప్పుడు కింద నేల ఉండేది. ఓడ ఒరిగినప్పుడు నిచ్చెనతో సహా ఇద్దరూ నీళ్ళ మీదికి వెళ్ళి వేలాడుతున్నారు. కిందికి చూడకూడదని తెలుసు. చూసింది. డెక్ కనిపించలేదు, ఆకుపచ్చని నీళ్ళే కనిపించాయి. మెట్టుకి మొహం ఆనించి, తల్లిని పిలిచింది. మళ్ళీ వాడి పాదం పట్టుకుంది.

సగం పైన వాడు ఆగిపోయాడు.

"ఇంకో నాలుగు మెట్లేరా."

వాడు నిచ్చెనని రెండు చేతులతో కావలించుకుని, మొహం తాళ్ళలో దాచుకున్నాడు. పాదం పట్టి లాగింది, తట్టింది, గిల్లింది కూడా. కదల్లేదు. "నన్ను దించెయ్ అక్కా" అని మాత్రం వినిపించింది, ఎక్కడో దూరం నుంచి అన్నట్టు.

అప్పుడే తలమీద, చెయ్యి అందనంత ఎత్తులో, చప్పుడు మొదలైంది. సన్నగా, పొడుగ్గా. ఆ గాలి హోరులో ఇంకెవరికీ వినబడి ఉండదు, ఆవిడకి వినబడింది. కొట్లో గుడ్డకి కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగితే వచ్చే చప్పుడది.

కడియం అందాలంటే వాడి వీపు మీదుగా దాటి పైకి పోవాలి. ఇద్దర్నీ కలిపి కట్టిన తాడు నిచ్చెన మెట్లలో చుట్టుకుని బిగిసి ఉంది. అది ఉండగా దాటడం జరగదు.

దర్జీ సూదిని పళ్ళ మధ్య పెట్టుకుంది. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో తన నడుముకున్న ముడి విప్పడం మొదలుపెట్టింది.